ఐదు చుక్కల కాయ

అత్త తిట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట ఒకావిడ. అంబుదిమంగ ఊళ్ళో సువజారా కష్టం అంతకన్నా పెద్దది. ఆమె తోడికోడలు క్లారిస్ నవ్వేది కూడా కాదు. నవ్వినా బాగుండును, పట్టుకుని కడిగెయ్యడానికి ఏదో ఒకటి దొరికేది. క్లారిస్ నెమ్మదిగలది, పెద్దవాళ్ళ ముందు గొంతెత్తనిది, ఇంటికెవరొచ్చినా గిన్నె అడుగున మాడిన అన్నంలో నీళ్ళు పోసి, వేడిగా కాచి తాగడానికి ఇచ్చేది. అలాంటి మనిషిని చూసి కుళ్ళుకోవడం ఎంత చాకిరో కుళ్ళుకున్నవాళ్ళకే తెలుస్తుంది. అందరూ ఆమెను మెచ్చుకుంటుంటే మనమూ తలూపాలి, ఊపుతూ లోపల పళ్ళు కొరకాలి.

ఆ కుళ్ళుకి పదకొండేళ్ళు. అత్తగారు కన్నుమూసిన రోజున పుట్టింది.

ఆ చుట్టుపక్కల వెనిల్లా పండించే ప్రతి ఇంటికీ ఒక గుర్తుంటుంది. సీసా బిరడాకి గుండుసూదులు గుచ్చి, కాయ తీగమీద పచ్చగా ఉండగానే ఒక్కో కాయమీదా ఆ సూదులతో ఒక్క పోటు పొడుస్తారు. కాయ ఎండి, నల్లబడి, సముద్రం దాటిపోయినా ఆ మచ్చ పోదు. దొంగల భయానికి పుట్టిన అలవాటది. ఎవరి గుర్తున్న కాయ ఇంకెవరింట్లో దొరికినా ఆ ఇంటివాళ్ళు దొంగలే, రెండో మాట లేదు. పోయినేడు ఎనిమిదంటే ఎనిమిది కాయలకు ఒకడు పెళ్ళాంపిల్లలతో ఊరొదిలిపోయాడు.

అత్తగారి గుర్తు ఐదు చుక్కలు, నాలుగు మూలల నాలుగు, నడిమధ్య ఒకటి. ఐదు చుక్కల కాయంటే సంబావా పట్నంలో షావుకార్లు మారుమాట్లాడకుండా తీసుకునేవారు. ఆ బిరడా తనకే వస్తుందని సువజారా పంతొమ్మిదేళ్ళు కాచుక్కూచుంది. తెల్లారకముందే లేచి, నిమ్మముల్లుతో పుప్పొడి అంటించి పువ్వు పువ్వుకీ పెళ్ళి చెయ్యడం నేర్చుకుంది. కాయల్ని ముంచే కొప్పెరలో నీళ్ళ వేడి చూడ్డం నేర్చుకుంది. కంబళిలో కాయల్ని పసిపిల్లల్లా చుట్టబెట్టడం నేర్చుకుంది. ఎడమచేతివాటం మనిషి కావడంతో కట్టకి నార చుట్టి ముడేస్తే ముడి ఎడమవైపుకి తిరిగేది. అత్తగారు దాన్ని చూసి వెక్కిరించేది గానీ విప్పి మళ్ళీ కట్టమని ఏనాడూ అనలేదు. అంత చేసినా చివరి రోజున ఆ ముసలావిడ దిండు కింద చెయ్యి పెట్టి, బిరడా తీసి, పెళ్ళయి రెండేళ్ళు నిండని చిన్నకోడలి చేతిలో పెట్టింది. సువజారా అప్పుడు గుమ్మంలో గంజిగిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

ఆ తర్వాత ఆమె వరసగా మూడు చుక్కలతో తన గుర్తేదో తాను చేసుకుంది. అయితే ఒక్కటి మాత్రం ఆమె దగ్గరే ఉంది. ఊరి రైతుల సంఘం షెడ్డు తాళంచెవి. కొప్పెర దగ్గర పెద్దపీట ఆమెది. ఊరందరి కాయా అక్కడికే వచ్చేది. వేడినీళ్ళలో చూపుడువేలు పెట్టి ఆమె "ఒకటి, రెండు" అని వేలు లాగేసుకుంటే నీళ్ళు సరి. ఒకటికే లాగేసుకుంటే మంట తగ్గించాలి, మూడు దాకా ఓర్చుకుంటే ఇంకో కట్టె తొయ్యాలి. ఆమె "చాలు" అంటే నీళ్ళలో ముంచిన కాయల బుట్టలు పైకి లేచేవి. క్లారిస్ పట్నంలో శిక్షణకి పోయి థర్మామీటర్ తెచ్చుకున్నా, షెడ్డులో ఆ గాజుపుల్ల గంభీరంగా గోడకి వేలాడుతూ ఉండేది, వేలు మాత్రమే పనిచేసేది. సువజారాకి అదొక్కటే ప్రాణం. బిరడా పోతే పోయింది, పీట ఉంది కదా అనుకునేది.

మార్చిలో ఆ పీట కిందకి నీళ్ళొచ్చాయి.

జిల్లా అధికారి ఒకాయన బడి వరండాలో మీటింగు పెట్టి, దేశం ఎగుమతుల బలాలేమిటి, బలహీనతలేమిటి అని గంటన్నర చెప్పాడు. తీగకి కాసిన వెనిల్లా వాడే వాళ్ళల్లో ఎక్కువమంది వాడేది మనదేనట. ఈ మట్టి, ఈ వాన, మన ఆడవాళ్ళ చేతులూ ఇంకెక్కడా లేవట. అదీ బలం. ఇక బలహీనత చెప్పడం మొదలుపెట్టేసరికి ఆయనకి ఎక్కడలేని ఉత్సాహం వచ్చింది. రేటు పెరిగితే పిచ్చెక్కి పిందెలు కోస్తామట, పడితే కోపమొచ్చి తీగలే నరుకుతామట. దొంగలకి భయపడి, సర్కారు కోతలు తెరిచిన రోజునే పచ్చికాయంతా దులిపేస్తామట. తడి ఆరకముందే కట్టలు కట్టి బరువు చూపిస్తామట, అది ఓడలోనే బూజు పడుతుందట. ఇలాగే చేస్తే కొనేవాళ్ళకి విసుగొచ్చి, ఫ్యాక్టరీలో కట్టెపొట్టు నుంచి వాసన తీసుకుని మనల్ని మర్చిపోతారట. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మగాళ్ళంతా ఎవరి టోపీలు వాళ్ళు సర్దుకున్నారు.

సంఘం పెద్ద కమీసీ తాత లేచి, "అయ్యా, మీరు చెప్పిందాన్నిబట్టి బలాలన్నీ మా ఆడోళ్ళవీ, బలహీనతలన్నీ మావీ లాగున్నాయి," అన్నాడు. వరండా అంతా గొల్లుమంది.

ఆ నవ్వు అణిగాక అధికారి అసలు సంగతి బయటపెట్టాడు. సంబావాలో ఎగుమతి చేసే కంపెనీవాళ్ళు నవంబరులో ఒక విదేశీ దొరని తీసుకొస్తున్నారు. ఆ దొర ఊళ్ళో ఉన్న గుర్తులన్నీ చూసి ఒక్క గుర్తు ఎంచుకుంటాడు. ఐదేళ్ళపాటు ఊరి సరుకంతా ఆ ఒక్క గుర్తుతోనే కొంటాడు, రేటు పడినా మాట తప్పడు. అందుకని ఈ ఏడు పెద్ద కొప్పెర వెలిగించరు. ఎవరి కాయ వాళ్ళింట్లోనే సిద్ధం చేసి, ఎవరి పెట్టె వాళ్ళు షెడ్డులో పెట్టాలి. ఏ గుర్తు గెలుస్తుందో ఆ గుర్తు మనిషిదే షెడ్డు, పీట, తాళం.

అందరూ సువజారా వైపు చూశారు. ఆమెకి అది గర్వంగా అనిపించి ఒక్క క్షణం మెడ నిక్కింది. అంతలో వెనకనుంచి ఎవరో, "ఐదు చుక్కలకి పాత పేరుంది, దొరలకి పేరే కదా కావాలి," అన్నారు. క్లారిస్ తల దించుకుంది. ఆ తల దించుకోవడం ఉంది చూశారూ, దాన్ని సువజారా ఓర్చుకోలేకపోయింది. కాస్త పొగరుగా చూసినా క్షమించేదేమో.

ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజున ఆమెకి ఒక ఆలోచన వచ్చింది. ఇలాంటి ఆలోచన ఆ ఊళ్ళో తప్ప ఇంకెక్కడా ఎవరికీ రాదు. ఒక బిరడా తీసుకుని నాలుగు మూలల నాలుగు, నడిమధ్య ఒకటి గుండుసూదులు గుచ్చింది. వాగవతల వాళ్ళకి ఒక చిన్న తోట ఉంది, యాభై తీగలుంటాయేమో, మొగుడు తుంబూ కూడా అటు పోడు. అక్కడికి పోయి, తన తీగలమీది తన కాయలకి తోడికోడలి గుర్తు పొడిచింది. ఒక్కొక్క పోటుకీ చిన్న పాలచుక్క ఊరింది. ఆమెకి కడుపులో చల్లగా అనిపించింది.

ఆలోచన తేలికైనదే. జూన్‌లో, కోతలు తెరవకముందే, ఆ కాయల్ని పచ్చిగా పీకెయ్యాలి. సగం ఎండబెట్టి, తడితడిగా క్లారిస్ పెట్టె అడుగున దూర్చెయ్యాలి. తాళం ఎటూ తన నడుముకే ఉంది. ఒక్క కట్ట బూజు పడితే పెట్టె అంతా కంపు. దొర మూత తియ్యగానే ముక్కు మూసుకుంటాడు. గుర్తు చూస్తే ఐదు చుక్కలు. ఇంకేముంది.

జూన్ వచ్చింది. సువజారా బుట్ట పట్టుకుని వాగు దాటింది. మొదటి గెల పట్టుకుని కాయని రెండు వేళ్ళ మధ్య నొక్కి చూసింది. రాయిలా ఉంది, లోపల ఏమీ లేదు. ఇంత పచ్చిదైతే వేడినీళ్ళు తగలగానే చీలిపోతుంది, చీలితే క్లారిస్ చూసి ఏరి పారేస్తుంది, నా శ్రమంతా గంగపాలు, ఇంకో పదిరోజులు ఆగుదాం అనుకుంది. పదిరోజుల తర్వాత వచ్చి మళ్ళీ నొక్కి చూసింది. మళ్ళీ అదే మాట. అబద్ధం చెప్పేటప్పుడు కూడా నమ్మేలా చెప్పాలి కదా అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

జూలైలో కోతలు తెరిచారు. ఊరు ఊరంతా ఒక్క రోజులో తోటలమీద పడింది. దొంగ ముందొస్తాడా మనం ముందు పోదామా అన్నట్టు, కాయ కొస పచ్చగా ఉందో పసుపొచ్చిందో ఎవరూ చూడలేదు. వాళ్ళ పెద్దతోటలో తుంబూ ఒక్కడే ఉన్నాడు. పెళ్ళాం వాగవతల పాకలో కాపలా కూచుంది. ఆ నాలుగు తీగలకి కాపలా ఏమిటే, ఇక్కడ అసలు తోట ఎవరు చూస్తారు అని అతను కబురు పెడితే, వస్తున్నా వస్తున్నా అని తిరుగు కబురు పెట్టింది గానీ రాలేదు. అతను ఎదురుచూసి చూసి, అందరితోపాటు కోసేసి, ఇంటి పెరట్లో తనే నీళ్ళు కాచాడు. పాపం, నీళ్ళు తెర్లుతుంటేనే వేడెక్కినట్టు లెక్క అతనికి. మూడు చుక్కల కాయలు సగానికి సగం కొసల్లో చీలాయి.

సువజారా ఇంటికొచ్చి ఆ కాయలు చూసి మొగుణ్ణి తిట్టని తిట్టు లేదు. అతను అంతా విని, "నీ చెయ్యి ఇంట్లో ఉంటే నా చెయ్యి ఎందుకు పెడతానే?" అన్నాడు.

జూలై ఆఖర్లో వాగవతల కాయల కొసలు పసుపు తిరిగాయి. చుట్టుపక్కల నాలుగూళ్ళల్లో తీగమీద మిగిలిన కాయ అదొక్కటే. ఆమె ఒక్కొక్కటే, పండినది పండినట్టు, మూడు విడతలుగా కోసింది. ఏమే, ఇదా నువ్వు పచ్చిగా పీకుతానన్నది అని ఎవరైనా అడిగి ఉంటే ఏం చెప్పేదో. అడిగేవాళ్ళు లేరు కనక ఆమె తనతోనే వాదించుకుంది. నీళ్ళలో ముంచకపోతే వారంలోనే కుళ్ళిపోతుంది, బూజు నవంబరుకి రావాలి గానీ ఇప్పుడొస్తే ఏం లాభం అని ముంచింది. వేలు పెట్టి, ఒకటి, రెండు అని లాగేసుకుని ముంచింది. ముంచాక కంబళి చుట్టకపోతే రంగు రాదు, రంగు రాకపోతే క్లారిస్ కనిపెట్టేస్తుంది అని చుట్టింది. చుట్టినవాటిని రోజూ రెండు గంటలు ఎండలో పరవకపోతే ఎలా అని పరిచింది. మబ్బు పట్టిన రోజున అన్నం వదిలి పరిగెత్తి ఎత్తిపెట్టింది. కాయ పాడైపోతుంటే చూస్తూ కూచోవడం ఆమెకి రాదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె నేర్చుకోనిది అదొక్కటే.

అక్టోబరు నాటికి ఆ కాయలు నల్లగా, నూనె మెరుపుతో, వేలికి ఉంగరంలా చుట్టుకునేంత మెత్తగా తయారయ్యాయి. పాక తలుపు తీస్తే వాసన ఎదురొచ్చి పలకరించేది. సువజారా వాటిని కట్టలు కట్టి, నార బిగించి, వరసగా పరిచి చూసుకుంది. అప్పుడు తెలిసొచ్చింది తను చేసుకున్నదేమిటో.

జన్మలో ఇంత మంచి కాయ చెయ్యలేదు. ప్రతి కాయమీదా క్లారిస్ ఉంది.

అమ్ముదామంటే ఐదు చుక్కల కాయ ఆమె చేతిలో కనబడితే దొంగ. తన పెట్టెలో పెట్టినా దొంగే. కాల్చేద్దామంటే ఆ పొగ వాసన ఊరందరినీ పేరుపెట్టి పిలుచుకొస్తుంది. వాగులో పారేద్దామని ఒక పొద్దున బుట్ట పట్టుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగింది. నిలబడి నిలబడి కాళ్ళు చచ్చుబడ్డాయి. బుట్టకి ఒక్క చుక్క తగలకుండా నెత్తిమీద పెట్టుకుని గట్టెక్కింది. దేశంలో ఆ కాయలు చేరగలిగిన చోటు ఒక్కటే మిగిలింది, క్లారిస్ పెట్టె.

సరే, అదే కదా మొదటినుంచీ అనుకున్నది అని మనసు రాయి చేసుకుంది. ఒక మధ్యాహ్నం ఊరంతా అన్నాల దగ్గర ఉండగా షెడ్డు తాళం తీసింది. బుట్టలో కట్టలు, చంకలో ఒక తడిగుడ్డ. కట్టలతోపాటు ఆ గుడ్డని అడుగున పెడితే చాలు, నాలుగు వారాల్లో పని అయిపోతుంది. క్లారిస్ పెట్టెలో పైకట్టలన్నీ తీసి పక్కన పెట్టి, తన కట్టలు అడుగున పేర్చి, మళ్ళీ పైవి పైన పేర్చి, మూత వేసి, తాళం బిగించి, ఇంటిదాకా వచ్చాక చూసుకుంటే గుడ్డ చంకలోనే ఉంది. రవికె పక్కంతా తడిసిపోయింది. మర్చిపోయానే అనుకుంది. మర్చిపోయిందో లేదో ఆమెకే తెలియాలి. మర్నాడు మళ్ళీ వెళ్ళొచ్చు కదా, వెళ్ళలేదు.

నవంబరులో దొర రానే వచ్చాడు. పొడుగాటి మనిషి, చెమటలు కక్కుతూ, మాటామంతీ లేకుండా. పక్కన సంబావా కంపెనీ ఆవిడ, అతని మాటలు మనవాళ్ళ భాషలో చెప్పడానికి. షెడ్డులో వరసగా పద్నాలుగు పెట్టెలు. కమీసీ తాత మూతలు తీస్తుంటే దొర ఒక్కో కాయ తీసి, వంచి, వాసన చూసి, కొలబద్ద పెట్టి ముందుకు నడుస్తున్నాడు.

సువజారా పెట్టె నాలుగోది. దొర ఒక కాయ తీశాడు. కొస చీలి ఉంది. ఇంకోటి తీశాడు, అదీ అంతే. ఏమీ అనకుండా రెండూ నెమ్మదిగా యథాస్థానంలో పెట్టి మూత తనే వేశాడు. చచ్చినవాడి మొహంమీద గుడ్డ కప్పినట్టు వేశాడు. ఊరంతా చూసింది. పాతికేళ్ళుగా ఆ ఊరి వెనిల్లాకి వేలు పెట్టిన మనిషి పెట్టె అది. ఆమె నేలకేసి చూస్తూ నిలబడింది.

క్లారిస్ పెట్టె తొమ్మిదోది. పైకాయ వంచి చూసి దొర తలూపాడు. బాగుందన్నట్టే ఉంది, అంతకన్నా ఏం లేదు. అయితే ఎన్నేళ్ళనుంచో కొంటున్నవాడు, మోసమంతా అడుగునే ఉంటుందని ఎరిగినవాడు. మోచేతిదాకా చెయ్యి దూర్చి అడుగునుంచి ఒక కట్ట లాగాడు. లాగి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అలాగే ఉండిపోయాడు. ఆ వాసన నాలుగడుగుల దూరంలో సువజారాకి కూడా తగిలింది. తన పాక, తన కంబళి, తన ఎండ. దొర కళ్ళు తెరిచి ఏదో నాలుగు మాటలన్నాడు.

కంపెనీ ఆవిడ, "ఇది తొందరపడని చెయ్యి అంటున్నారు. అందరూ భయపడి కోసేసినా ఆగిన చెయ్యట. ఇలాంటి కాయ కోసమే ఇంతదూరం వచ్చారట," అని చెప్పింది.

ఒక్కసారిగా షెడ్డంతా చప్పట్లు. మరిది, అంటే క్లారిస్ మొగుడు, ఎగిరి గంతేశాడు. కమీసీ తాత ఆ కట్ట క్లారిస్ చేతిలో పెట్టి, ఎలా చేశావమ్మా అని అడిగాడు. క్లారిస్ కట్టని తిప్పి చూసింది. నార ముడి చూసింది. ఆమె మొహంలో రక్తం దిగిపోవడం ఒక్క సువజారాకే కనబడింది. ముడిమీద వేలు అడ్డం పెట్టి, "మా అత్త గుర్తు తాతా అది," అని మాత్రం అంది. ఎంత అణకువో చూడండని ఎవరో మెచ్చుకున్నారు.

నావి. నావి అవి. ఆ మాట అందామని సువజారా ఒక అడుగు ముందుకేసింది. నావి అంటే, ఐదు చుక్కలు నీ దగ్గరకెలా వచ్చాయంటారు. ఎలా వచ్చాయో చెబితే ఊళ్ళో నిలవనివ్వరు. చెప్పకపోతే పీట పోతుంది. ఆమె పదకొండేళ్ళుగా క్లారిస్ బిరడాని చూసి ఏడ్చింది, క్లారిస్ పేరుని చూసి ఏడ్చింది. ఆ పూట మొదటిసారి తన చేతిపనిని చూసి తనే ఏడవాల్సి వచ్చింది. అంతకన్నా చేదు ఆమె ఎన్నడూ మింగలేదు. కమీసీ తాత వచ్చి, ఇబ్బందిగా, చెయ్యి చాచాడు. ఆమె నడుముకున్న తాడు ముడి విప్పి తాళం ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని క్లారిస్‌కిచ్చాడు.

సాయంత్రం సువజారా కూరకి కర్రపెండలం ఆకు దంచుతుంటే క్లారిస్ వచ్చింది. తుంబూ ఇంట్లో లేడు. వచ్చి, పీట వేసుకోకుండా నేలమీదే కూచుని, కొంగులోంచి ఆ కట్ట తీసి మధ్యలో పెట్టింది.

"ముడి ఎడమకి తిరిగింది అక్కా."

సువజారా రోకలి ఆపలేదు.

"నా గుర్తు నీ తీగలమీద ఎందుకు పొడిచావు?"

రోకలి ఆగింది. అబద్ధం ఏదీ దొరకలేదు. దొరికినా చెప్పే ఓపిక లేదు.

"నిన్ను ముంచుదామని."

"మరి ముంచలేదేం?"

"చేతకాలేదు."

క్లారిస్ నవ్వింది. ఇన్నేళ్ళకి నవ్వింది. కొంగుతో మొహం తుడుచుకుని అంది, "అత్త ఆ బిరడా నా చేతిలో పెడుతూ ఏమందో నీకు తెలీదు. పెద్దదానికి గుర్తెందుకే, దాని చెయ్యే గుర్తు. నీకే కావాలి, పాపం, అంది. ఆ పాపం అన్న మాట పదకొండేళ్ళ నుంచి నా గొంతులో ముల్లులా ఉందక్కా. నువ్వు వేలు నీళ్ళలో పెట్టినప్పుడల్లా అది కాలితే బాగుండునని చూసేదాన్ని. కాలేది కాదు."

రోట్లో ఆకు నల్లబడుతోంది. పదకొండేళ్ళు తనొక్కతే కుళ్ళుకుంటున్నానని సువజారా అనుకుంది, ఎదుటింట్లోనూ అదే పొయ్యి మండుతోందని తెలిస్తే కాస్త చల్లబడాలి కదా. చల్లబడలేదు. తనమీద కుళ్ళుకునేంత గొప్ప ఉండి కూడా తాళం పోగొట్టుకున్నానే అని ఇంకొంచెం మండింది.

"కమీసీ తాతకి చెప్తావా?" అని అడిగింది.

"చెప్తే నువ్వు దొంగవి, నేను దొంగసరుకుతో గెలిచినదాన్ని. దొర వెళ్ళిపోతాడు, ఊరు మన ఇద్దరి మొహానా ఉమ్మేస్తుంది," అని క్లారిస్ లేచి నిలబడింది. "చెప్పను. కానీ వచ్చే ఏడు దొరకి ఇలాంటి కాయే కావాలి, నా వల్ల కాదు. కొప్పెర దగ్గర నువ్వే కూచో. ఎప్పుడు కొయ్యాలో నువ్వే చెప్పు, నేను అందరికీ నా మాటగా చెప్తాను."

"తాళం?"

క్లారిస్ గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. తాళం ఆమె నడుముకి అప్పుడే కొత్త తాడుతో కట్టి ఉంది.

"అది నా దగ్గరే ఉంటుందక్కా. ఏదో ఒకటి నాకూ ఉండాలి కదా."

మార్చిలో మళ్ళీ కాయ గట్టిపడింది. ఊళ్ళో ఎవరి గుర్తులూ ఇక చెల్లవు, ఐదేళ్ళపాటు ఊరంతా ఒక్కటే గుర్తు. కమీసీ తాత సంబావానుంచి కొత్త బిరడాలు తెప్పించి, ఐదేసి సూదులు గుచ్చించి, బడి వరండాలో ఇంటికొకటి చొప్పున పంచాడు. పోయినేడు చెప్పిన జిల్లా అధికారే వచ్చి, తొందరపడి కొయ్యకపోతే ఒక ఊరికి ఎంత పేరొస్తుందో క్లారిస్‌ని చూసి నేర్చుకోండని అందరికీ చెప్పాడు. క్లారిస్ తల దించుకుంది. సువజారా అందరితోపాటు తలూపింది. తన వంతు వచ్చినప్పుడు మాత్రం చెయ్యి చాచలేదు, తనకి వద్దంది.

ఉచితంగా ఇస్తుంటే వద్దంటావేమిటే అని ఇంటికొచ్చాక తుంబూ అడిగాడు.

ఆమె బియ్యం డబ్బా జరిపి, దాని వెనకనుంచి ఒక పాత బిరడా తీసి, ఐదు సూదులకీ పట్టిన తుప్పు కొంగుతో తుడుస్తూ, "మన దగ్గర ఒకటుందిలే," అంది.